రెండు పూటల తీర్పు

ఏ రాజ్యం, ఏ కాలం అని నన్ను గుచ్చి గుచ్చి అడక్కండి. అడిగినా చెప్పను. పెన్నకు ఆవలి ఒడ్డున ఒక కోట ఉండేది, ఆ కోటలో ఒక రాజుగారు ఉండేవారు. అంతవరకు ఒప్పుకుంటే చాలు, కథ నడుస్తుంది.

రాజుగారి పేరు రాచమల్ల భూపతి. మనిషి చెడ్డవారు కాదు. ఇచ్చిన మాట తప్పరు. ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోరు. ఉన్న చిక్కల్లా ఒక్కటే, తనంతటివాడు భూమ్మీద లేడని గట్టి నమ్మకం. పొద్దున్నే అద్దంలో మీసం చూసుకున్నప్పుడు మొదలయ్యే ఆ నమ్మకం రాత్రి పక్క మీద వాలేదాకా దిగేది కాదు.

ఆ రాజ్యంలో తాతల నాటి ఆచారం ఒకటుండేది. పొద్దు నడినెత్తి మీదికి రాగానే కోట బురుజు మీద కొమ్ము ఊదేవారు. కొమ్ము వినబడితే ఎక్కడి పని అక్కడ ఆగేది. వంటవాళ్ళు గరిటెలు కింద పెట్టేవారు. కొలిమి దగ్గర తిత్తి ఊదడం ఆపేవారు. సభలో ఫిర్యాదులు వింటున్న రాజుగారు కూడా లేచి లోపలికి వెళ్ళేవారు. తినేవాళ్ళు తిని, కునుకు తీసేవాళ్ళు తీసి, పొద్దు కాస్త వాలాక రెండోసారి కొమ్ము ఊదితే మళ్ళీ పనిలోకి దిగేవారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా తరాలు గడిచిపోయాయి.

ఇంతలో రాజకుమార్తెకు సంబంధం కుదిరింది. పెళ్ళి కొత్త మండపంలో చెయ్యాలని రాజుగారి ముచ్చట. మండపం లేచింది గానీ పైకప్పుకు బొమ్మలు వెయ్యడం మిగిలిపోయింది. ముహూర్తం చూస్తే తరుముకొస్తోంది. రాజుగారు ఒకనాటి మధ్యాహ్నం మండపం చూద్దామని వెళితే, సరిగ్గా అప్పుడే కొమ్ము మోగింది. పనివాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ నడుం వాల్చారు. రాజుగారికి కోపం నసాళానికంటింది.

మర్నాడు కొలువులో ఆయన సెలవిచ్చారు. "దేవతలు రెప్ప వాల్చరు. అందుకే వాళ్ళను అనిమిషులన్నారు. రాజంటే దేవుడి అంశ. రాజు ఎట్లాగో ప్రజా అట్లాగే. ఇకనుంచి మధ్యాహ్నం కొమ్ము ఊదడానికి వీల్లేదు. పొద్దు పొడిచింది మొదలు దీపాలు పెట్టేదాకా ఎవరూ పని ఆపకూడదు. నేనూ ఆపను."

కొలువులో పేరన్న అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆయన మంత్రి కాదు, కవి కాదు. రాజుగారికి ఎదురుగా నిలబడి ఉన్నమాట అనగలిగినవాడు, అంతే. ఆ ఉద్యోగానికి పేరు లేదు గానీ, ప్రతి కొలువులోనూ ఒకడు ఉండి తీరాలి. ఉండకపోతే ఆ రాజ్యం ఎన్నాళ్ళు నిలుస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పేరన్న మెల్లగా లేచాడు. "దేవతలు రెప్ప వాల్చరన్నది నిజమే ప్రభూ. అయితే వాళ్ళు పొద్దున్నుంచీ రాళ్ళు మొయ్యడమూ లేదు, గారె పిండి రుబ్బడమూ లేదు. చేసే పని లేనివాడికి రెప్ప వాల్చే అవసరమేముంది?"

సభలో ఒకరిద్దరు నవ్వబోయి, రాజుగారి ముఖం చూసి దగ్గులోకి దింపేశారు. రాజుగారు మాత్రం నవ్వలేదు. కొమ్ము ఊదేవాణ్ణి బురుజు దింపేసి గుర్రపుశాలకు పంపించారు.

ఇక చూడండి వేడుక. మొదటి రోజులు బాగానే నడిచాయి. అందరూ పరుగులే. రాజుగారు మీసం తడుముకుంటూ, "చూశావా పేరన్నా," అన్నారు. ఆ తర్వాత వంటశాలలో పులుసుకు ఒక వంటమనిషి ఉప్పు వేస్తే, వెయ్యలేదనుకుని ఇంకొకడు వేశాడు. గుర్రానికి జీను వెనకముందులుగా కట్టి తెచ్చారు. దాసీది రాణిగారి జడలో పెట్టాల్సిన పూలు దేవుడి మందిరంలోనూ, దేవుడి పూలు రాణిగారి జడలోనూ పెట్టింది. అన్నింటికీ రాజుగారి దగ్గర ఒకటే మాట, "కొత్త కదా, అలవాటవుతుంది."

అలవాటు కాలేదు సరికదా, చిత్తరి ఓబులయ్య మెడకు చుట్టుకుంది.

ఓబులయ్య పైకప్పులకు బొమ్మలు వేసే మనిషి. ఆ పని చూడని వాళ్ళకు చెబుతున్నాను. ఎత్తున పరంజా కట్టుకుని, దాని మీద వెల్లకిలా పడుకుని, ముఖానికి మూరెడు దూరంలో ఉన్న సున్నపు కప్పు మీద కుంచె ఆడించాలి. రంగు చుక్కలు కళ్ళల్లో పడతాయి. మెడ పట్టేస్తుంది. అంత దగ్గర నుంచి చూస్తుంటే చెయ్యి ఏదో, చెట్టుకొమ్మ ఏదో తెలియకుండా పోతుంది. కొమ్ము ఉన్న రోజుల్లో ఓబులయ్య మధ్యాహ్నం కిందికి దిగి, కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని కాసేపు పడుకునేవాడు. లేచాక నేల మీద నిలబడి పైకి చూసి, పొద్దున వేసినదాంట్లో తప్పులుంటే దిద్దుకునేవాడు. ఇప్పుడు దిగడానికి లేదు. దిగితే కింద కర్ర పట్టుకుని భటుడు.

పెళ్ళికి ముందు మండపం చూడ్డానికి రాజుగారు రాణిగారిని వెంటబెట్టుకుని వెళ్ళారు. పైకప్పు నట్టనడుమ రాజుగారి పట్టాభిషేకం బొమ్మ. సింహాసనం బాగుంది, మీసం బాగుంది. కుడిచెయ్యి పైకెత్తి ప్రజలకు అభయమిస్తున్నారు.

రాణిగారు తలెత్తి చాలాసేపు చూశారు. చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, "మీ దానగుణం చూసి ఓబులయ్య కూడా ఒక వేలు ఎక్కువ దానం చేసినట్టున్నాడండీ," అన్నారు.

రాజుగారు లెక్కపెట్టారు. ఆరు వేళ్ళు.

రాణిగారి ముందు అంత చిన్నబోవడం ఆయనకు ఎన్నడూ తెలియదు. ఓబులయ్యను పరంజా మీద నుంచి దింపించి, "ఇదేమిటిది? నన్ను ఎగతాళి చేస్తున్నావా?" అని గద్దించారు.

పాపం ఓబులయ్య కళ్ళు చింతనిప్పులై ఉన్నాయి. పైకి చూశాడు. వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. "ఐదే ఉన్నాయి కదా ప్రభూ," అన్నాడు.

నిజంగానే అతనికి ఐదే కనిపించాయి. అతను అబద్ధమాడే మనిషి కాదు. కానీ రాజుగారికి అది పొగరులా వినబడింది. "ముఖం మీదే బొంకుతున్నాడు. వీణ్ణి రాజ్యం పొలిమేర దాటించండి. ఆలుబిడ్డలతో సహా బండెక్కించండి. మళ్ళీ ఈ నేల మీద కాలు పెడితే బతకడు," అన్నారు.

ఓబులయ్య భార్య చెంగమ్మకు నెలలు నిండాయి. ఇవాళో రేపో అన్నట్టుంది. పొలిమేర అవతల వాళ్ళకు దిక్కంటూ ఎవరూ లేరు. బండి కుదుపుకు దారిలోనే ఆమెకు ఏమవుతుందోనని ఊరంతా బెంగపడింది. మంత్రసాని కోట వాకిట్లో నిలబడి ముక్కు చీదుతూ ఏడ్చింది. ఏడ్చి ఏం లాభం, రాజుగారి మాట.

ఆ కొలువులో తీర్పులకొక పద్ధతి ఉంది. రాజుగారు తీర్పు చెప్పగానే తలారి వాకిట్లోకి వెళ్ళి డప్పు కొట్టి చాటుతాడు. డప్పు పడ్డ తీర్పుకు ఇక తిరుగులేదు. రాజుగారు కూడా దాన్ని మార్చలేరు. ఓబులయ్య సంగతి చాటడానికి తలారి డప్పు భుజానికి తగిలించుకుని బయలుదేరాడు. వాకిలి దాటేలోపు పేరన్న అడ్డం వచ్చాడు.

"ప్రభూ, ఒక్క మాట. ఓబులయ్యది ఎగతాళి కాదు. అలసట. అలిసినవాడికి తన తప్పు తనకు కనబడదు. కనబడితే అది అలసటెందుకవుతుంది?"

రాజుగారు ఫక్కున నవ్వారు. ఆ నవ్వులో సంతోషం లేదు. "అలసటట. నేనూ పొద్దున్నుంచి దీపాల వేళ దాకా కొలువులోనే కూర్చుంటున్నాను. మధ్యలో గుక్కెడు మజ్జిగ తప్ప ఏమీ లేదు. నా తీర్పుల్లో ఒక్క తప్పు చూపించు చూద్దాం. అలసటవల్ల పని చెడుతుందని నా కొలువులో, నా ఎదుట చూపించు. చూపిస్తే ఓబులయ్యకు మాఫీ."

"చూపించలేకపోతే?"

"వాడి బండి వెనకాలే నీ బండి."

"గడువెంత ప్రభూ?"

"రేపు దీపాల వేళ దాకా. అందాకా డప్పు ఆపిస్తాను."

పేరన్న దణ్ణం పెట్టాడు. "చిత్తం. నాదొక చిన్న మనవి. రేపు ఒక్కరోజుకు నాకు మధ్యాహ్నం కునుకు తీసే సెలవు ఇప్పించండి."

"అంత పెద్ద పందెం నెత్తిన పెట్టుకుని నిద్రపోతావా?"

"నెత్తిన పెట్టుకున్నాను గనకే ప్రభూ."

రాజుగారు తల అడ్డంగా ఆడిస్తూ ఒప్పుకున్నారు. వీడి తెలివి వీడిని ముంచే రోజొచ్చిందని లోలోపల కాస్త జాలి కూడా పడ్డారట.

తెల్లారింది. రాజుగారు స్నానం చేసి, కస్తూరి తిలకం దిద్దుకుని, సింహాసనం మీద నిటారుగా కూర్చున్నారు. పేరన్న ఏదో ఎత్తు వేస్తాడని ఆయనకు తెలుసు. అందుకని కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తున్నారు. ఫిర్యాదుదారుల వరసలో ముందు నిలబడ్డవాళ్ళు ఇద్దరు రైతులు. ఒకడు గోపిరెడ్డి, ఇంకొకడు నల్లప్ప.

గోపిరెడ్డి చెప్పుకున్నాడు. "దొరా, మొన్న ఈ నల్లప్ప చేనికి నీళ్ళు తోడుకోను నా ఎద్దుల్ని అడిగితే ఇచ్చాను. వాటితో పొద్దుగూకులూ మోట తోలుకున్నాడు. బదులుగా వాడి ఎద్దులు నా చేను ఒక దినమంతా దున్నాలని మాట. ఇప్పుడేమో పూటే పంపుతానంటున్నాడు."

"ఎందుకు పూటే?" అన్నారు రాజుగారు నల్లప్ప వైపు తిరిగి.

నల్లప్ప తలగుడ్డ సవరించుకున్నాడు. "దొరా, తమకు తెలియందేముంది. మోట తోలేటప్పుడు ఎద్దులు వాలులోకి నడిస్తే తోలు బొక్కెన నీళ్ళతో పైకొస్తుంది. అప్పుడు బరువు లాగినట్టు. అది కాలవలో గుమ్మరించాక ఎద్దులు వెనక్కి వెనక్కి బావి దగ్గరికి నడుస్తాయి. అప్పుడు వాటి మీద బరువేమీ లేదు, ఒట్టి నడక. అంటే సగం పొద్దు పనిచేశాయి, సగం పొద్దు షికారు తిరిగాయి. సగం పనికి సగం బదులు. నేనన్నదాంట్లో తప్పేముంది?"

సభలో కొందరు తల గోక్కున్నారు. వినడానికి న్యాయంగానే ఉంది మరి.

రాజుగారికి అరక్షణం పట్టలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఓరి నల్లప్పా, ఎద్దులు వెనక్కి రాకపోతే బొక్కెన బావిలోకి ఎట్లా దిగుతుంది? దిగకపోతే ఎట్లా నిండుతుంది? నువ్వు ఒట్టి నడక అంటున్నావే, ఆ నడకే తర్వాతి బొక్కెనను నింపేది. ఎద్దులకు ఊపిరి తిరిగేదీ అప్పుడే. ఊపిరి తిరక్కపోతే అవి నాలుగో బొక్కెనకే కూలబడేవి, నీ చేను ఎండేది. వెనక్కి నడవడమూ పనిలో భాగమే. నీ ఎద్దుల్ని దినమంతా పంపు."

"భళా" అన్నారు సభలోవాళ్ళు. ముఖస్తుతికి కాదు, నిజంగానే అన్నారు. గోపిరెడ్డి నేలకు వంగి దణ్ణం పెట్టాడు. తలారి వాకిట్లోకి వెళ్ళి డప్పు కొట్టి చాటాడు, "మోటకు వెనక్కి నడిచే నడకా పనే, పూర్తి దినం బదులివ్వాలి, రాజుగారి తీర్పహో."

రాజుగారు పేరన్న వైపు చూశారు. ఎక్కడ తప్పుందో చెప్పు చూద్దాం అన్నట్టుంది ఆ చూపు. పేరన్న కూడా అందరితోపాటు తల ఊపి, "దివ్యమైన తీర్పు ప్రభూ," అన్నాడు.

ఆ తర్వాత వరస వరసగా వచ్చారు జనం. గట్టు తగాదా, గొర్రెల తగాదా, వియ్యపురాలు పెళ్ళిలో పలకరించలేదని తగాదా. రాజుగారు ఒక్కొక్కటీ వింటూ, ప్రతిదాంట్లోనూ పేరన్న పెట్టిన మడత పేచీ ఎక్కడుందోనని వెతుకుతున్నారు. సాక్షిని రెండుసార్లు అడిగేవారు. అమాయకురాలైన ఒక ముసలమ్మను, "నిన్ను పేరన్న పంపలేదు కదా," అని నిలదీశారు కూడా. ఆమెకు పేరన్న ఎవరో తెలియదు.

పొద్దు నడినెత్తికొచ్చింది. పేరన్న లేచి, దణ్ణం పెట్టి, వెనక స్తంభం చాటుకు వెళ్ళి ఉత్తరీయం తల కింద పెట్టుకుని పడుకున్నాడు. కాసేపటికి గురక కూడా వినబడింది.

ఆ గురక వింటుంటే సభలో ఎందరికి ఆవలింతలొచ్చాయో చెప్పలేను. రాజుగారికి మొదట నవ్వొచ్చింది, తర్వాత చిరాకొచ్చింది, ఆ తర్వాత ఆ చిరాకు కూడా అలిసిపోయింది. మజ్జిగ తాగారు. కిరీటం బరువెక్కింది. పెద్దమంత్రి ఒక తగాదా మధ్యలో కళ్ళు తెరిచే నిద్రపోయాడు. తలారి డప్పుకు ఆనుకుని జోగుతున్నాడు. ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి, రాజుగారు తీరుస్తూనే ఉన్నారు. మాట తప్పే మనిషి కాదని ముందే చెప్పాను కదా. లేవనన్నారు, లేవలేదు. ఆ విషయంలో మాత్రం ఆయనను మెచ్చుకోవాల్సిందే.

పేరన్న నిద్ర లేచాడు. ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, హాయిగా వచ్చి తన చోట కూర్చున్నాడు.

పొద్దు వాలింది. పడమటి కిటికీలోంచి ఎండ రాజుగారి ముఖం మీద పడుతోంది. నడుము పీకుతోంది. ఎదురుగా నిలబడ్డవాడి ముఖం ఒకటిగా కనిపించడం లేదు. ఇంక వరసలో చివరన మిగిలింది ఇద్దరు.

ఒకడు గోపిరెడ్డి, ఇంకొకడు నల్లప్ప.

మీకు గుర్తొచ్చారు కదా. రాజుగారికి రాలేదు.

"దొరా, మొన్న ఈ నల్లప్ప చేనికి నీళ్ళు తోడుకోను నా ఎద్దుల్ని అడిగితే ఇచ్చాను," అని గోపిరెడ్డి పొద్దున చెప్పిన మాటలే ఉన్నవి ఉన్నట్టు చెప్పాడు. నల్లప్ప కూడా తలగుడ్డ సవరించుకుని, సగం పొద్దు పని, సగం పొద్దు షికారు, సగానికి సగం అని అప్పజెప్పాడు.

రాజుగారు కణతలు నొక్కుకుంటూ విన్నారు. విన్నారంటే, చెవులు అక్కడే ఉన్నాయి.

"సగమే," అన్నారు చివరికి. "లాగితేనే పని. ఒట్టిగా నడిచే ఎద్దులు సోమరి ఎద్దులు. ఇట్లాంటి ఎద్దుల్ని మేపబట్టే రాజ్యం ఇట్లా తగలడుతోంది. నల్లప్ప చెప్పిందే న్యాయం. పూటే బదులు. గోపిరెడ్డీ, నీకు ఇంకో ఆజ్ఞ. రేపటినుంచి నీ ఎద్దులు మోట తోలేటప్పుడు వెనక్కి నడవకూడదు. ముందుకే నడవాలి."

గోపిరెడ్డి నోరు తెరిచి, పేరన్న వైపు చూసి, నోరు మూసుకున్నాడు. గెలిచిన నల్లప్పే భయపడుతూ అడిగాడు. "ముందుకే అంటే ఎందాకా నడవాల దొరా?"

"పొలిమేర దాకా నడవనీ."

"మరి బొక్కెనో?"

"దాని సంగతి అది చూసుకుంటుంది. ఎవరి పని వాళ్ళు చేసుకోవాలి," అన్నారు రాజుగారు. తలారి వైపు చెయ్యి ఊపారు.

తలారి లేచి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. పొద్దున ఇదే నోటితో తాను చాటింది అతనికి లీలగా గుర్తొస్తోంది. కానీ రాజుగారి తీర్పును ప్రశ్నించడానికి అతనెవరు? వాకిట్లోకి వెళ్ళి డప్పు కొట్టాడు. "మోట ఎద్దులు వెనక్కి నడిస్తే సోమరితనం, ముందుకే నడవాలి, పొలిమేర దాకా నడవాలి, రాజుగారి తీర్పహో."

బయట ఒక నవ్వు వినబడింది. తర్వాత ఇంకొకటి. వాకిట్లో ఉన్న జనమంతా నవ్వుతున్నారు. కొలువులో నిద్రమత్తు దిగిపోయింది. పెద్దమంత్రి ఉలిక్కిపడి లేచి, ఎందుకైనా మంచిదని "భళా" అన్నాడు.

పేరన్న లేచి సింహాసనం ముందుకు వచ్చాడు. "ప్రభూ, ఈ ఇద్దరినీ ఒకసారి బాగా చూడండి."

రాజుగారు చూశారు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశారు. గోపిరెడ్డి తల వంచుకున్నాడు. నల్లప్ప తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. పొద్దున తాను చెప్పిన మాటలు ఒక్కొక్కటే రాజుగారికి గుర్తొచ్చాయి. ముఖం నల్లబడింది.

"నన్ను మోసం చేశావు."

"మోసమేముంది ప్రభూ? వీళ్ళ తగాదా నిజమైనదే. నిన్న సత్రంలో పొద్దుపోయేదాకా కొట్టుకుంటుంటే నేనే విన్నాను. రెండుసార్లు చెప్పుకోమన్నాను, అంతే. అదే మనుషులు, అవే ఎద్దులు, అదే మాట. ఒక్క ముక్క మార్చలేదు. పొద్దున చెప్పిన తీర్పు వింటే నాకే చెయ్యెత్తి మొక్కాలనిపించింది. అంత సూటిగా ఈ రాజ్యంలో ఇంకెవరూ చెప్పలేరు. సాయంత్రం తీర్పు చెప్పింది కూడా ఆ బుద్ధే ప్రభూ. దానికి మధ్యలో వెనక్కి నడిచే వీలు దొరకలేదు. అందుకని పొలిమేర దాకా పోయింది."

పేరన్న గొంతు తగ్గించాడు.

"ఓబులయ్య కుంచెకూ అదే జరిగింది. తమరు తప్పు తీర్పు చెప్పినప్పుడు తమకది తప్పని తోచలేదు. అతను లెక్కపెట్టుకున్నప్పుడు ఐదే కనిపించాయి. ఎగతాళి చేసింది అతనైతే, ఇప్పుడు ఈ రైతుల్ని ఎగతాళి చేసింది ఎవరనుకోమంటారు? అక్కడ వాకిట్లో బండి కట్టి ఉంది. నిండు చూలాలు దాని పక్కన నిలబడలేక నిలబడి ఉంది. దీపాల వేళ అయింది. తలారి చేతిలో డప్పు ఉంది. తమ చిత్తం."

రాజుగారు కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. దాని అంచు నుదుటి మీద ఎర్రటి గాటు పెట్టింది. ఆ గాటును వేలితో రుద్దుకుంటూ కూర్చున్నారు. ఈయన ఇప్పుడు మండిపడతాడా, ఏం చేస్తాడోనని అందరూ ఆయనకేసే చూస్తున్నారు.

"పొలిమేర దాకానా," అన్నారు చివరికి తనలో తాను. "బొక్కెన సంగతి అది చూసుకుంటుందా." భుజాలు కదిలాయి. తర్వాత కడుపు కదిలింది. ఆయన నవ్వుతున్నారు. నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆయన నవ్వితే ఇక సభ ఆగుతుందా? ఆ రోజు తగాదాల్లో ఓడినవాళ్ళు కూడా నవ్వారు.

"ఓబులయ్య బండి విప్పించండి," అన్నారు. "ఆ అమ్మాయిని పల్లకీలో ఇంటికి పంపండి. మంత్రసానిని వెంట పంపండి. అతనికి నా మాటగా చెప్పండి, కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి, ఆ తర్వాతే పరంజా ఎక్కమని."

అంతలోనే ఆయనకో చిక్కు గుర్తొచ్చింది. "పేరన్నా, ఒకే తగాదాకు రెండు డప్పులు పడ్డాయి కదా. డప్పు పడ్డ తీర్పు నేనూ మార్చలేను. ఇప్పుడెట్లా?"

పేరన్న జవాబు చెప్పేలోపు నల్లప్ప ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు. "రెండోదాంట్లో గెలిచింది నేనే కదా దొరా. ఆ గెలుపు నాకొద్దు. ఎద్దులు వెనక్కి నడవకపోతే రేపు నా మోట ఎవరు తోలతారు? నా ఎద్దుల్ని దినమంతా పంపుతాను. కావాలంటే తోడుగా నేనూ పోయి దున్నుతాను."

గెలిచినవాడే వద్దంటే ఇక ఆ తీర్పుతో ఎవరికి పని? గోపిరెడ్డి, నల్లప్ప ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వెళ్ళిపోయారు.

రాజుగారు పేరన్న వైపు తిరిగారు. "నీకేం కావాలో కోరుకో."

"ఇప్పుడు కోరుకోను ప్రభూ. రేపు పొద్దున, తమరు నిద్రలేచాక ఇప్పించండి. ఈ పూట ఇచ్చింది పుచ్చుకోవాలంటే నాకు భయంగా ఉంది."

మర్నాడు పొద్దున రాజుగారు నిండుగా నిద్రపోయి లేచారు. కొమ్ము ఊదేవాణ్ణి గుర్రపుశాల నుంచి రప్పించి బురుజు ఎక్కించారు. పేరన్నకు పట్టు శాలువా కప్పారు. దాంతోపాటు ఇంకొకటి ఇచ్చారు. కొలువుకూటం పెద్ద తలుపుల తాళం, దాని చెవి.

"మధ్యాహ్నం కొమ్ము మోగగానే ఈ తలుపులు మూసే అధికారం నీది," అన్నారు. "లోపల ఎవరున్నా సరే బయటికి పంపెయ్. నేనున్నా సరే."

తలారి ఆ మాట డప్పు కొట్టి చాటాడు. పేరన్న తాళంచెవి మొలలో దోపుకున్నాడు.

ఓబులయ్య రెండు రోజులు ఇంట్లో నిద్రపోయి, మూడోనాడు పరంజా ఎక్కి ఆ ఎక్కువ వేలు చెరిపేశాడు. ఆ వారంలోనే చెంగమ్మకు ఆడపిల్ల పుట్టింది. పైకప్పు పని పెళ్ళికి ముందే, ముహూర్తానికి తొందరపడకుండానే తెమిలిపోయింది. అదెట్లా సాధ్యమైందో పెద్దమంత్రికి ఇప్పటికీ అంతుబట్టలేదు.

అయితే తాళం ఇచ్చిన ఆ మొదటి రోజు సంగతి చెప్పకుండా వదిలిపెట్టలేను. పొద్దు నడినెత్తికి వచ్చింది, కొమ్ము మోగింది. రాజుగారు ఒక గట్టు తగాదాలో పీకల్లోతు మునిగి ఉన్నారు. సభ ఖాళీ అయిపోయింది. రాజుగారు మాత్రం లేవడం లేదు.

"ఇదొక్కటీ తేల్చేస్తాను పేరన్నా. రవ్వంతే ఉంది."

పేరన్న గుమ్మంలో నిలబడి ఒక తలుపు అప్పటికే మూసేశాడు. "ఏలినవారు లోపలుంటారా, బయటికొస్తారా? నేను తాళం వేస్తున్నాను."

రాజుగారు గొణుక్కుంటూ లేచి, కిరీటం చంకలో పెట్టుకుని, సగం మూసిన తలుపు సందులోంచి పక్కకు తిరిగి బయటపడ్డారు. వెనక్కి చూస్తూ అన్నారు. "బుద్ధి గడ్డి తిని నీకీ తాళం ఇచ్చాను. అసలు ఏ వేళప్పుడు ఇచ్చానయ్యా?"

"పొద్దున్నే ఇచ్చారు ప్రభూ," అన్నాడు పేరన్న, తాళం వేస్తూ. "సాయంత్రం ఇచ్చి ఉంటే నేను పుచ్చుకునేవాణ్ణి కాదు."

రాజుగారు నవ్వారు. నవ్వుతూనే తన మెడలోని ముత్యాల దండ తీసి ఆయన మెడలో వేసి, భోజనానికి లోపలికి వెళ్ళారు.